స్టాఫ్‌రూమ్ ఉత్తరాలు: టీచరుకీ ఒళ్లుంటుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బెంగళూరులో పనిచేస్తున్న మన తెలుగు టీచర్లవే. నేనూ ఈ ఊళ్లోనే లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని కాబట్టి నాకు రాశారనుకుంటాను. ఉత్తరాలు కొంచెం కుదించాను. పేరు వెయ్యొద్దన్నవారిది వెయ్యలేదు, వెయ్యమన్నవారిదీ వెయ్యలేదు. మీ స్కూలు వాళ్లు ఈ పత్రిక చదవరని నాకు నమ్మకం లేదు.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నెల్లూరు. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి మహదేవపుర దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతున్నాను. వయసు 34. రోజుకు ఆరు పీరియడ్లు, ఎవరైనా లీవు పెడితే ఏడు. సెక్షన్‌కు 42 మంది. బాగా చెబుతానని నాకు పేరుండేది. ఈ ఏడాది క్లాసులోకి వెళ్లాలంటేనే భయం. ఆదివారం సాయంత్రమైతే కడుపులో తిప్పుతుంది. పిల్లలు డౌటు అడిగితే కసురుకుంటున్నాను, తర్వాత స్టాఫ్‌రూమ్‌లో ఏడుపొస్తోంది. కోఆర్డినేటర్ నా క్లాసు చూసి ‘ఎనర్జీ తక్కువ’ అని రాశారు. రాత్రి పది దాకా పేరెంట్స్ గ్రూపులో మెసేజిలు. నాకసలు టీచింగ్ రాదేమో, ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చానేమో అనిపిస్తోంది. మా వారు మానెయ్యమంటున్నారు. (దీపావళి నుంచి గొంతు కూడా బొంగురుగానే ఉంది, అది వేరే సంగతి.)

జవాబు: మీరు రెండు పేజీలు ధైర్యం గురించి రాసి, గొంతును బ్రాకెట్లో పెట్టారు. నేను ఆ బ్రాకెట్లోంచే మొదలుపెడతానమ్మా.

మూడు వారాలు దాటినా గొంతు బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. మీకు నెలలు దాటాయి. చిన్న కెమెరాతో స్వరతంత్రులు చూస్తారు, పెద్ద నొప్పేమీ ఉండదు. గొంతు చించుకుని మాట్లాడేవాళ్లకి ఆ తంత్రుల మీద నోడ్యూల్స్ అనే చిన్న కాయలు కడతాయి. పాటలు పాడేవాళ్లకీ టీచర్లకీ ఇది తెలిసిన బాధే. అమెరికాలో చేసిన ఒక పెద్ద సర్వే 2004లో అచ్చయింది. అందులో టీచర్లలో నూటికి 57 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు గొంతు ఇబ్బంది పడ్డామని చెప్పారు. మిగతా ఉద్యోగాల వాళ్లలో ఆ సంఖ్య 29 లోపే. నోడ్యూల్సే అయినా చాలామందికి ఆపరేషన్ దాకా పోదు, స్పీచ్ థెరపిస్టు దగ్గర గొంతు వాడే పద్ధతి నేర్చుకుంటే తగ్గుతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు కొన్ని పనులు చెయ్యండి. గొంతు బాగోలేదని గుసగుసగా మాట్లాడుతుంటారు చూడండి, అది మానండి. గుసగుసతో చాలామందికి గొంతు ఇంకా బిగుసుకుంటుంది. ఊరికే గొంతు సవరించుకోవడం కూడా వద్దు, అలా అనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు మింగండి. బోర్డువైపు తిరిగి రాస్తూ మాట్లాడకండి. చెవికి తగిలించుకుని, స్పీకరు నడుముకు కట్టుకునే మైకు వెయ్యి, రెండు వేలల్లో దొరుకుతుంది. టూరిస్ట్ గైడ్ మేడమ్ అని పిల్లలు నాలుగు రోజులు నవ్వుతారు. ఐదోరోజు మర్చిపోతారు.

ఇప్పుడు ఈ గొంతుకీ మీ భయానికీ ఉన్న లంకె చూడండి. ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి ఈఎన్‌టీ వైద్యుడు 1911లోనే ఒక సంగతి చెప్పాడు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచేస్తాడు. మీ క్లాసులో నాలుగు ఫ్యాన్లు, కిటికీ బయట రింగురోడ్డు ట్రాఫిక్, 42 మంది పిల్లలు. మీరు గొంతు పెంచుతారు, అది బొంగురుపోతుంది. వెనక బెంచీ వాళ్లకు వినపడదు, వాళ్లు మాట్లాడుకుంటారు. క్లాసు చెయ్యి జారిపోతోందని మీకు అనిపిస్తుంది. ఇంకా అరుస్తారు. అంతలో కోఆర్డినేటర్ వచ్చి ‘ఎనర్జీ తక్కువ’ అని రాసి వెళ్లిపోతుంది. తక్కువైంది గొంతులో అని ఆమెకూ తట్టలేదు, మీకూ తట్టలేదు.

మిగతా లక్షణాలన్నీ కలిపి చూస్తే మీది బర్నౌట్ లాగే ఉంది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త న్యూయార్కులో ఒక ఉచిత వైద్యశాలలో పనిచేస్తూ, తోటి వలంటీర్లు సేవ చేసీ చేసీ చతికిలబడిపోవడం చూసి దీని గురించి రాశాడు. తర్వాత క్రిస్టీనా మాస్లాక్ అనే ఆవిడ దీన్ని మూడు ముక్కలుగా విడదీసింది. మొదటిది ఒంట్లో, మనసులో సత్తువ లేకపోవడం. రెండోది, ఎవరికోసం పనిచేస్తున్నామో వాళ్లమీదే చిరాకు, అంటీముట్టనితనం. మూడోది, నేను దేనికీ పనికిరానని అనిపించడం. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుల కింద కాకుండా, పనిచేసే చోట చాలాకాలంగా అదుపులోకి రాని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా చేర్చింది. అంటే మందు ఒక్క మీరు వేసుకుంటే సరిపోదు, స్కూలూ వేసుకోవాలి.

‘నాకు రాదేమో’ అన్నది ఆ మూడో ముక్క. దాన్ని మీరు మీ మీద మీరిచ్చుకున్న సర్టిఫికెట్ అనుకుంటున్నారు. ఒంట్లో ఓపిక లేనప్పుడు మన పనితనం గురించి మనకు తోచేదేదీ నమ్మకూడదు. ఆల్బర్ట్ బండూరా అనే ఆయన 1977లో, ఒక పని చెయ్యగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడినుంచి వస్తుందో రాశాడు. అన్నిటికన్నా గట్టిది మన చేత్తో మనం చేసి నెగ్గిన పని. ఆ తర్వాత మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, పక్కవాళ్ల మాట, చివరగా మన ఒంటి స్థితి. గుండె దడదడలాడుతుంటే, గొంతు పెగలకపోతే మనసు దాన్ని చేతకానితనం కింద లెక్క కట్టేస్తుంది. అందుకే ‘బీ పాజిటివ్’ అంటూ వచ్చే గుడ్ మార్నింగ్ మెసేజిల వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. వారానికి ఒక్క క్లాసు బాగా జరగాలి, అంతే.

ఆ ఒక్క క్లాసు గొంతు తక్కువ వాడేదిగా చూసుకోండి. ఆరో తరగతికి భిన్నాలు చెబుతారు కదా. బోర్డు మీద 1/2 + 1/3 = 2/5 అని రాసి, ‘ఇలా చేసినవాడు తప్పు చేశాడా, ఒప్పు చేశాడా? పక్కవాళ్లతో మాట్లాడి చెప్పండి, టైము ఐదు నిమిషాలు’ అని రాయండి. నోటితో చెప్పకండి, రాయండి. చాక్‌పీసు పెట్టేసి బెంచీల మధ్య తిరగండి. సగం మంది పైన పైన, కింద కింద కూడేసి కరెక్టే అంటారు. ఎవరో ఒక పిల్ల లేచి, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువెలా అవుతుంది మిస్, అంటుంది. 2/5 సగం కన్నా తక్కువ కదా. ఇక క్లాసంతా దానిమీదే పడుతుంది. మీరు మాట్లాడింది పది వాక్యాలు. ఆ రోజు డైరీలో ఆ పిల్ల పేరు రాసుకోండి. కోఆర్డినేటర్‌ను ఈసారి మీరే అలాంటి క్లాసుకు పిలవండి.

గ్రూపు సంగతి సులువు. సాయంత్రం ఏడు తర్వాత మ్యూట్. ‘అర్జెంటైతే స్కూలు ఆఫీసుకు ఫోన్ చెయ్యండి, మిగతావి రేపు ఉదయం చూస్తాను’ అని ఒక్కసారి పెట్టి ఊరుకోండి. ఒకరిద్దరు ప్రిన్సిపాల్‌కు కంప్లయింట్ చేస్తారు. చెయ్యనివ్వండి.

మీ వారితో అనండి, రాజీనామా ఎక్కడికీ పోదు, మార్చిలోనూ ఇవ్వొచ్చు. గొంతు బాగై, కంటినిండా నిద్రపోయాక కూడా వద్దనిపిస్తే అప్పుడు మానెయ్యండి. నేనే శభాష్ అంటాను.

ప్రశ్న: అమ్మా, మేం అనంతపురం వాళ్లం, బొమ్మనహళ్లిలో ఉంటాం. నాకు కంపెనీ ఉద్యోగం. నా భార్యకు 47 ఏళ్లు, హైస్కూల్లో సోషల్ టీచరు. సర్వీసు 20 ఏళ్లకు పైనే. ఏడాదిగా మనిషి మారిపోయింది. పిల్లల పేర్లు మర్చిపోతోంది. రాత్రి మూడింటికి చెమటలు పట్టి లేచి కూర్చుంటుంది, మళ్లీ 4:45కి లేవాలి. ప్రతిదానికీ కోపం. పిల్లలకు నామీద గౌరవం పోయింది, నాకింక చెప్పడం రాదు అంటుంది. నా జీతం చాలు, మానెయ్ అంటే ఏడుస్తుంది. ఆమెకు ధైర్యం ఎలా చెప్పాలి?

జవాబు: ధైర్యం తర్వాత చెబుదురుగాని, ముందు రక్తపరీక్షలు చేయించండి బాబూ. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగర్. థైరాయిడ్ తక్కువైనా, బి12 తగ్గినా మనిషి మందకొడిగా అయిపోవడం, మతిమరుపు, దిగులు వస్తాయి. రక్తం తక్కువైతే రెండంతస్తుల మెట్లెక్కి క్లాసుకు వెళ్లేసరికే సగం ప్రాణం పోతుంది. టీచరు తడబడితే అందరూ టెన్షన్ అంటారు, డాక్టరు ఒక్క మాత్రతో సరిచేసే సంగతి అందులో ఉండొచ్చు.

ఇంక వయసు. మన దేశంలో ఆడవాళ్లకు నెలసరి ఆగేది సగటున 46, 47 ప్రాంతాల్లో. అంతకు కొన్నేళ్ల ముందునుంచే రాత్రి చెమటలు, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, పేర్లు నోటికి రాకపోవడం, కోపం మొదలవుతాయి. మీరు రాసిన జాబితా దాదాపు ఇదే. గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. సిగ్గుపడి మీరు బయట బెంచీ మీద కూర్చోకండి, లోపలికి వెళ్లండి. దీనికి వైద్యం ఉంది. ‘ఈ వయసులో మామూలేలే’ అని పంపేసే డాక్టరైతే ఇంకొకరిని చూడండి.

ఒక ప్రశ్న ఆమెను నెమ్మదిగా అడగండి. పొద్దున ఇల్లు కదిలాక మధ్యాహ్నం వచ్చేదాకా బాత్రూముకు ఎన్నిసార్లు వెళుతుంది? మా స్టాఫ్‌రూముల్లో దీని గురించి ఆడవాళ్లమే గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం. వరసగా నాలుగు పీరియడ్లు, క్లాసు వదిలి కదలడానికి లేదు, కదిలితే అక్కడ శుభ్రం ఉండదు. అందుకని నీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రంలో మంట, తలనొప్పి, గొంతెండిపోవడం అన్నీ దాని చలవే. వాటర్ బాటిల్ నిండుగా తీసుకెళ్లి నిండుగా తెచ్చే టీచరుందంటే ఆ స్కూలు సంగతి నాకు అర్థమైపోతుంది.

మీ ఉత్తరంలో 4:45కి ఆమె లేస్తుందని ఉంది. మీరెన్నింటికి లేస్తారో లేదు. టిఫిన్, మూడు బాక్సులు, రాత్రికి కూర తరిగి ఫ్రిజ్‌లో పెట్టడం, వ్యాను ఎక్కడం, ఇదంతా ఏడున్నరలోపే కదా. స్కూల్లో మొదటి పీరియడ్ ఆమెకు నిజంగా మూడో డ్యూటీ. ఓ నెల రోజులు పొద్దుటి బాక్సుల పని మీరు పెట్టుకోండి. చిత్రాన్నం కలపడానికి చదువేమీ అక్కర్లేదు, నిమ్మకాయ, పోపు చాలు. అదీ కాకపోతే ఈ ఊళ్లో ఇడ్లీకి కరువా? ఆమె ఇంకో గంట పడుకుంటుంది. ధైర్యం చెప్పడమంటే మీ ఇంటికి సంబంధించినంతవరకు అది.

‘మానెయ్’ అన్న మాట మాత్రం మళ్లీ అనకండి. మీరు ప్రేమగానే అన్నారు. 20 ఏళ్లు వేల మందికి పాఠం చెప్పిన మనిషి చెవికి అది ‘నువ్వు లేకపోయినా నడుస్తుంది’ అని వినపడుతుంది. దానికన్నా ‘రెండు వారాలు మెడికల్ లీవు పెట్టు, పరీక్షలన్నీ అయ్యాక చూద్దాం’ అనండి.

వైద్యం మొదలైనా రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, ఏ పని మీదా మనసు నిలవకపోయినా, ‘నేనుండి ఎందుకు’ లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఆలస్యం చెయ్యకండి. 14416కి ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. దాన్ని నడిపించేది మన ఊళ్లో ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే. హోసూరు రోడ్డులో ఆ గేటు చూస్తేనే మనవాళ్లకు జంకు. అలా అనిపిస్తే బీటీఎం లేఅవుట్‌లో వాళ్లదే వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది, అక్కడికి వెళ్లండి.

ప్రశ్న: నేనొక స్కూలు వైస్ ప్రిన్సిపాల్‌ని. మా టీచర్ల కోసం రెండో శనివారం మధ్యాహ్నం స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వర్క్‌షాప్ పెట్టాం. మంచి స్పీకర్ వచ్చారు. స్నాక్స్ కూడా పెట్టాం. సగం మంది రాలేదు, వచ్చినవాళ్లు వెనక కూర్చుని పేపర్లు దిద్దుకున్నారు. ఎక్కడ లోపం?

జవాబు: రెండో శనివారంలో. ఆ సెలవు వాళ్లకు వదిలేసి ఉంటే స్పీకర్ ఖర్చు కూడా మిగిలేది.

సార్, ఒక లెక్క చెయ్యండి. మీ దగ్గర ఒక టీచరుకు ఐదు సెక్షన్లు, సెక్షన్‌కు 42 మంది అనుకుందాం. 210 నోట్‌బుక్కులు. ఒక్కోదానికి రెండు నిమిషాలు పెట్టినా ఏడు గంటలు. ఆ ఏడు గంటలు మీ టైమ్‌టేబుల్‌లో ఎక్కడున్నాయో చూపించండి. విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల టీచర్లకు వారానికి కనీసం 45 పనిగంటలు అని రాసి ఉంది. దాన్ని మేనేజ్‌మెంట్లు చక్కగా గుర్తుపెట్టుకుంటాయి. ‘పాఠం తయారీ గంటలతో కలిపి’ అన్న ముక్క అదే వాక్యంలో ఉంది, దాన్ని మర్చిపోతాయి.

ఉద్యోగ ఒత్తిడి మీద డెమెరూటి, బాకర్ తదితరులు 2001లో రాసిన పద్ధతి ఒకటి పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. మనిషి మీద పడే భారం ఒకవైపు, ఆ భారం మొయ్యడానికి అందే సాయం ఒకవైపు. సాయం పెంచకుండా భారం పెంచుతూ పోతే సత్తువ అయిపోతుంది. ఊపిరి ఎలా పీల్చాలో నేర్పితే పుస్తకాలు తగ్గవు కదా.

ఈ నెలలో మీ చేతిలో ఉన్నవి చెబుతాను. ప్రతి క్లాసులో టీచరుకు ఒక కుర్చీ వేయించండి, కూర్చుంటే బద్ధకమని రాయడం ఆపండి. సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరు (లీవు పెట్టినవారి క్లాసు ఎవరికి వేశారో రాసేది) తెప్పించి ఫ్రీ పీరియడ్ ఎవరికి ఎన్నిసార్లు పోయిందో చూడండి. నోరున్నవాళ్లకు పోదు, లేనివాళ్లకే పోతుంది. ఆడ టీచర్ల బాత్రూముకు లోపలి గడియ పడుతోందో లేదో మీ మేడమ్‌లలో ఒకరిని కనుక్కోమనండి. స్పీకర్‌ను వచ్చే ఏడాది పిలుద్దాం.

ప్రశ్న: అమ్మా, మాది ముళబాగిలు దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే. బెంగళూరులో సర్కారు స్కూలు మాస్టర్ని, 51 ఏళ్లు. షుగర్ ఉంది, మాత్రలు వాడతాను. 2025 దసరా సెలవుల్లో సామాజిక, విద్యా సర్వేకు పంపారు. తిండీ తిప్పలూ లేకుండా ఇల్లిల్లూ తిరిగాను. అప్పటినుంచి క్లాసులో పాఠం మధ్యలో తడుముకుంటున్నాను. చేతులు వణుకుతాయి. భయం పట్టుకుంది. జనగణనకూ వెయ్యక తప్పదంటున్నారు.

జవాబు: మాస్టారూ, తడుముకోవడం ఏ వేళప్పుడు? మధ్యాహ్నం బెల్లుకు ముందు పీరియడ్‌లో అయితే అది భయం కాకపోవచ్చు, షుగర్ పడిపోవడం కావచ్చు. వణుకు, చెమట, మాట తడబాటు, కంగారు, ఇవన్నీ దాని గుర్తులే. కొన్ని రకాల మాత్రలతో, తిండి ఆలస్యమైతే ఇలా అవుతుంది. గ్లూకోమీటరు స్కూలుకు తీసుకెళ్లి అదే సమయంలో వేలు గుచ్చి చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. ఆ అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకు చూపిస్తే మోతాదు మారుస్తారు. మీ అంతట మీరు మాత్ర మానకండి.

సర్వే మాట. ఆ దసరాకి సర్కారు, ఎయిడెడ్ బడుల సెలవులు అక్టోబరు 18 దాకా పొడిగించింది అందుకే. పిల్లలకు సెలవు, మాస్టర్లకు డ్యూటీ. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను బోధనేతర పనులకు పెట్టకూడదంటుంది, మూడింటికి తప్ప: పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. సర్వేల మాట అందులో లేదు. దానిమీద కొట్లాడాల్సింది మీ సంఘం. జనగణన మాత్రం ఆ మూడింటిలో ఉంది, తప్పించుకోలేరు. అయితే మీ షుగర్ రీడింగులు, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, నడక తక్కువ పడే బ్లాకు ఇమ్మని, లేదా మినహాయింపు ఇమ్మని ఆర్డరు రాకముందే రాతలో అడగండి. ఆర్డరొచ్చాక అడిగితే అందరూ అడిగేవాళ్లే. వెళ్లాల్సి వస్తే జేబులో గ్లూకోజ్ పొట్లం, పదిన్నరకు ఏదో ఒకటి తినడం తప్పనిసరి.

ప్రశ్న: మేడమ్, నాకు 24. తిరుపతిలో బీఈడీ చేసి వైట్‌ఫీల్డ్ వైపు ఒక స్కూల్లో సైన్స్ టీచరుగా చేరాను. ఇదే మొదటి ఉద్యోగం. పీజీ హాస్టల్లో ఉంటాను. నేను NaClని ‘యెన్ఏసీఎల్’, Mని ‘యమ్’ అంటానని ఎనిమిదో తరగతి పిల్లలు నవ్వుతారు. వాళ్ల కన్నడ నాకు రాదు. రాత్రి ఒంటిగంట దాకా పీపీటీలు చేస్తాను, పొద్దున తినకుండా పరిగెత్తుతాను. ఇంటికెళ్లిపోదామనిపిస్తోంది.

జవాబు: యెన్ఏసీఎల్ అన్నా ఉప్పు ఉప్పేనమ్మాయీ, కరగకుండా పోదు. ఎనిమిదో తరగతి అంటేనే నవ్వే వయసు, నీ యాస లేకపోతే నీ చున్నీ, అదీ లేకపోతే నీ నడక. మరీ ఎక్కువైతే ‘అవును, మా ఊళ్లో ఇలాగే అంటాం, నేను సరిదిద్దుకుంటాను, మీరు స్పెల్లింగులు సరిదిద్దుకోండి’ అని తేలిగ్గా అనేసి పాఠంలోకి వెళ్లిపో.

కన్నడ కొంచెం నేర్చుకో. ‘కూత్కొళ్లి’ (కూర్చోండి), ‘అర్థ ఆయ్తా?’ (అర్థమైందా?), ‘ఇన్నొందు సల హేళ్తీని’ (ఇంకోసారి చెబుతాను), ఈ మూడు చాలు మొదలుపెట్టడానికి. తప్పు పలికితే పిల్లలు దిద్దుతారు. నీకు నేర్పుతున్నామని వాళ్లకు ఎంత ఉత్సాహమో చూడు.

ఒంటిగంట దాకా పీపీటీలు ఆపు. నీ ముందున్న టీచరు చేసిన స్లైడ్లు ఉంటాయి, అడిగి తీసుకో. నువ్వు తయారుచెయ్యాల్సింది మొదటి ఐదు నిమిషాలు. దహనం పాఠం ఉందనుకో. రెండు కొవ్వొత్తులు ఒకే ఎత్తువి, ఒకటి చిన్న గాజుగ్లాసు, ఒకటి పెద్ద సీసా. వెలిగించి, వాటిమీద గ్లాసు, సీసా బోర్లించబోయే ముందు ఆగు. ‘ముందు ఏది ఆరుతుంది, ఎందుకు?’ అని చేతులెత్తించి ఓట్లు బోర్డు మీద రాయి. తర్వాత బోర్లించు. క్లాసు మొత్తం కొవ్వొత్తి వైపు చూస్తుంటుంది, నీ ‘యమ్’ ఎవరికీ పట్టదు.

ఇంకొకటి. మీ స్కూల్లో ఆంధ్రా నుంచో రాయలసీమ నుంచో వచ్చి నిలదొక్కుకున్న టీచరు తప్పకుండా ఒకరుంటారు, బెంగళూరులో ఉండకపోవడమా! ఆవిడ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూస్తానని అడుగు. మన యాసతోనే మాట్లాడే మనిషి 40 మందిని కదలకుండా కూర్చోబెట్టడం కళ్లారా చూస్తే, నేనిక్కడ నూరు మాటలు రాసినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

పీజీలో పొద్దున ఏం పెడితే అది తిని వెళ్లు. బాగుండదని నాకూ తెలుసు.

ప్రశ్న: ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో చేశాను. వెన్ను సమస్య, నిద్రలేమి. డాక్టరు, కౌన్సెలర్ ఇద్దరితో మాట్లాడాకే మానేస్తున్నాను, బాధ లేదు. కానీ టీచర్లకు గ్రాట్యుటీ ఉండదని ఆఫీసులో అంటున్నారు. నిజమా? – బనశంకరి

జవాబు: నిజం కాదు. నింపాదిగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాబట్టి దాని గురించి నేనేమీ అనను, డబ్బు గురించే చెబుతాను.

ఒకప్పుడు టీచర్లు గ్రాట్యుటీ చట్టం కిందికి రారని కోర్టు తీర్పుంది. అందుకే 2009లో పార్లమెంటు చట్టం సవరించింది. అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ప్రైవేటు స్కూళ్లు దానిమీద కోర్టుకెళ్లాయి, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు టీచర్ల పక్షానే తీర్పిచ్చింది. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం బదులు సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. మీలాంటి పర్మనెంటు ఉద్యోగులకు ఐదేళ్ల సర్వీసు నియమం, ఏడాదికి 15 రోజుల జీతం అన్న లెక్క అందులోనూ ఉన్నాయి. నెలకు 26 పనిరోజులుగా లెక్క కడతారు. లెక్కలోకి వచ్చే మీ చివరి జీతం 26,000 అనుకుంటే 15 రోజులకు 15,000, ఎనిమిదేళ్లకు 1,20,000 రూపాయలు.

నోటిమాటగా అడగొద్దు. రాజీనామా కాగితంలో ‘స్వంత కారణాలు’ అని రాసినా గ్రాట్యుటీ పోదు. అప్పాయింట్‌మెంట్ ఆర్డరు, చివరి మూడు జీతం స్లిప్పులు జతచేసి గ్రాట్యుటీకి విడిగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వెయ్యనంటే స్పీడ్ పోస్టులో పంపండి. ఇవ్వాల్సిన గడువు 30 రోజులు. దాటితే వడ్డీతో కలిపి ఇప్పించమని కార్మికశాఖ అధికారికి ఫిర్యాదు చెయ్యొచ్చు, దానికి వకీలు అక్కర్లేదు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మాత్రం ఈ కాగితం ఇచ్చే ముందే తీసుకోండి.